నత్తక్క, మూడు కంప్యూటర్లు, ఒక ఇంకు పెన్ను

ధ్రువపత్రాల ఆఫీసులో కిటికీ వెనక కూర్చునే టైపిస్టును పన్నెండేళ్ళుగా ఊరంతా నత్తక్క అనే పిలుస్తోంది. క్యూలో నిలబడి కాళ్ళు పీకిన ప్రతివాళ్ళూ ఆమె మీదే విసుక్కుంటారు. అందరికంటే గట్టిగా తిట్టేది తాపీమేస్త్రీ. కిటికీలోంచి కనబడే మొహం ఆమెదొక్కటే మరి.

ఆలస్యానికి మందు కంప్యూటరే అనుకున్నారు పైవాళ్ళు. కొత్తది వచ్చింది, క్యూ కదల్లేదు. ఇంకా వేగమైనది వచ్చింది. క్యూ జానెడు జరిగిందేమో. మూడోదానితోపాటు అధికారి చేతి మెమో కూడా వచ్చింది: రెండు వారాల్లోగా పని చురుగ్గా సాగకపోతే ఉద్యోగం ఊడుతుంది.

"ఇది రాకెట్టు అక్కా, ఇక మీకు తిరుగులేదు," అన్నాడు దాన్ని బిగించిన మెకానిక్.

"రాకెట్టే తమ్ముడూ. ఆ తలుపు దాకా వెళ్ళి ఆగే రాకెట్టు," అంది ఆమె, అధికారి గదివైపు గడ్డం ఊపి.

మర్నాడు ఆమె, తన కూతురు పరుగు పందేలకు వాడే స్టాప్‌వాచీ తెచ్చి లెక్క కట్టింది. మొదట్లో కాగితానికి ఇరవై నిమిషాలు. అందులో టైపింగు రెండు నిమిషాలు. ఇప్పుడది పది సెకన్లు. మిగతా పద్దెనిమిదీ లోపలి గదివే. అధికారి ప్రతి కాగితం మూడుసార్లు చదివి, ఇంకు పెన్నుతో మూడుచోట్ల సంతకం చేసి, ఒక్కోదాన్నీ పసిబిడ్డకు పాలు చల్లార్చినట్టు ఊదుతారు. టైపింగు రెప్పపాటులో అయిపోయినా ఆ పద్దెనిమిది పద్దెనిమిదే.

ఆ లెక్కే మెమోకు జవాబుగా రాసిచ్చింది.

"అంటే తప్పు నాదంటావా?" అన్నారు అధికారి.

"నేననలేదు సార్. వాచీ అంది."

తెరిచిన తలుపులోంచి విన్న క్యూ గొల్లున నవ్వింది. ఆయన గొంతు తగ్గించారు. "సరేలే, మెమో రద్దు చేస్తా. టైపు చేసి పట్రా."

పది సెకన్లలో పట్టుకెళ్ళింది. సంతకం పదకొండు రోజులైనా కాలేదు. గడువు ఇంకా రెండు రోజులుందనగా మేస్త్రీ కిటికీ ముందు నేల మీద చతికిలబడ్డాడు. "అక్క కాగితం అయ్యాకే మా కాగితాలు," అన్నాడు. వెనకవాళ్ళూ కూర్చున్నారు. అధికారి బయటికి తొంగిచూసి, మేస్త్రీ జేబులోని బాల్‌పెన్ను అడిగి తీసుకుని సంతకం గీకారు. నాలుగు సెకన్లు. వాచీ సాక్ష్యం.

మీ ఊళ్ళోనూ ఇలాంటి కిటికీ ఒకటి ఉంటుంది. దాని వెనక మనిషిని తిట్టేముందు కాగితం ఎక్కడ ఆగిందో అడగండి. జవాబు రాకపోతే, అక్కడే కూర్చోండి.