కాలి మిషను, రెండు సీట్ల పడవ

తిరుత్తణిలో ఇంటి ముందు గదిలోనే కాలి మిషను పెట్టుకుని బట్టలు కుడతాను. మా ఆయనకు గాలం వేయడమంటే పిచ్చి. మొన్న ఎండాకాలంలో, ఇద్దరు కూర్చునే, కాళ్లతో తొక్కే కయాక్ పడవ కొందామని నన్ను పళవేర్కాడు ఉప్పునీటి సరస్సుకు తీసుకెళ్లారు.

అమ్మే అతను రెండు రకాలు చూపించాడు. ఒకదానికి ముందు సీటుకే పెడళ్లు, ఇంకోదానికి రెండు సీట్లకూ.

"ఈమెకెందుకు పెడళ్లు? సుమ్మా ఊరికే కూసోనుంటే చాలు" అన్నారు మా ఆయన. అయినా అతను రెండోదాన్నే ముందు తొక్కి చూడమన్నాడు.

ఆయన ముందు, నేను వెనక కూర్చుని కాస్త దూరం పోయాక గాలి తిరిగి, సరస్సు సముద్రంలో కలిసే వైపుకు పడవ కొట్టుకుపోసాగింది. అప్పుడే ఆయన పిక్క పట్టేసింది.

"అయ్యో, నా వల్ల కాదే! ఇంక తొక్కలేను" అని అరిచారు.

"మీరు చుక్కాని వదలొద్దండీ. నేను తొక్కతా" అన్నాను. పండగ ముందు రవికలు కుట్టేటప్పటిలా తల ఎత్తకుండా తొక్కాను.

ఒడ్డు చేరాక "ఏది తీసుకుంటారు సార్?" అన్నాడు అతను.

"రెండు సీట్లకూ పెడళ్లుండేదే. ముందు సీటు ఆమెకి" అన్నారు మా ఆయన, పిక్క రుద్దుకుంటూ.

ఇన్నేళ్లూ ఉన్నచోటే తొక్కిన నా కాళ్లు, ఆ రోజు మా ఇద్దరినీ ఒడ్డుకు చేర్చాయి.