నాయిస్ తీసేసిన సముద్రం

ముత్తుకూరులో మా చర్చి వేదిక వెనక గోడకు ప్రతి కొత్త సంవత్సరానికీ ఒక పెద్ద ఫ్లెక్సు కడతారు. దాని మీద బైబిలు నుంచి తీసిన ఆ సంవత్సరపు వాగ్దాన వాక్యం, వాక్యం వెనక ఏదో ఒక ప్రకృతి దృశ్యం. ఆ దృశ్యం ఎప్పుడూ మంచుకొండే, కాకపోతే జలపాతం. మేమెవరమూ మంచును ఫ్రిజ్‌లో తప్ప చూసి ఎరగం. స్కూటరు మీద వెళ్లొచ్చేంత దూరంలో సముద్రం పెట్టుకుని, ఎవరిదో కొండ ముందు కూర్చుని పాటలు పాడటమంటే నాకు ఏళ్ల తరబడి ఒళ్లు మంట.

కిందటేడు సంఘ పెద్దల ముందు నోరు ఊరుకోక, ఈసారి మన సముద్రం ఫోటో నేనిస్తానన్నాను. బడిలో సైన్సు చెప్పే నాకు ఫోటోల పిచ్చి ఉందని అందరికీ తెలుసు. బాగుంటే కడతామనీ, లేకపోతే కొండ ఎలాగూ ఉందనీ పాస్టరు గారు నవ్వుతూ అన్నారు. ఆ నవ్వు నాకు నచ్చలేదు. ఎలాగైనా ఆ గోడ మీద మన సముద్రమే ఉండాలని పంతం పట్టాను.

నా దగ్గరున్నది అరవై మెగాపిక్సెళ్ల కెమెరా. గోడంత బొమ్మ వేసినా గీత చెదరదని చదివి, ఆశపడి కొన్నది. అబద్ధమేం కాదు, పగలు తీస్తే తడి ఇసుక మీద పీత కాళ్ల గుర్తులు కూడా కనిపిస్తాయి. కానీ నాకు కావలసింది పొద్దు పొడవకముందు సముద్రం, నీలం ఇంకా నలుపును వదలని వేళ. అప్పుడు కెమెరాకు వెలుగు చాలదు. చాలనప్పుడు ఐఎస్ఓ, అంటే ఉన్న కాస్త వెలుగునే ఎక్కువ చేసి చూపించే అమరిక, పెంచాలి. పెంచితే ఆకాశమంతా ఎరుపూ ఆకుపచ్చా చుక్కలు, ఉప్మారవ్వ చల్లినట్టు. ఆ రవ్వనే నాయిస్ అంటారు. పిక్సెళ్లు ఎన్ని ఎక్కువుంటే, దగ్గరికి లాగి చూసినప్పుడు ఆ దరిద్రం కూడా అంత వివరంగా కనిపిస్తుంది.

ఇంకో దారి ఉంది. ఐఎస్ఓ తగ్గించి, షట్టరు అరనిమిషం తెరిచి ఉంచడం. ఆకాశం నున్నగా వస్తుంది, కానీ ఆ అరనిమిషంలో కదిలేదేదీ నిలవదు. అలలు పొగైపోతాయి. అదీ నచ్చదు, ఇదీ నచ్చదు. నవంబరంతా చీకటితో లేవడం, మా ఆయన్ని లేపడం, వచ్చి కంప్యూటరు ముందు కూర్చుని విసుక్కోవడం.

ఆయనకు ఓపిక నశించింది. "అంత దగ్గరికి లాగి చూసేది నువ్వొక్కదానివే. గోడ మీద బొమ్మని ఎవురన్నా ముక్కానించి చూస్తారా?" అన్నారు. ఫోటోల గురించి మీకేం తెలుసని కసురుకున్నాను.

మా చర్చికే వచ్చే, చేపలమ్మే ఒకామె ఉంది. నేను అక్కా అంటాను, ఆమె నన్ను టీచరమ్మా అంటుంది. ఆమె భర్తా మరిదీ ఇంజను పడవలో వేటకు వెళతారు. నా అవస్థ చూసి, వట్టి నీళ్లు ఏం బాగుంటాయి, మా పడవ నిలబెట్టిస్తానంది. అన్నట్టే ఒక శనివారం తెల్లవారుజామున వాళ్లు వేట ఆలస్యం చేసుకుని, అలలు విరిగే చోటు దాటాక లంగరు వేసి, దీపం వెలిగించి, నా పని అయ్యేదాకా ఊగుతూ కూర్చున్నారు. తమ పడవ చర్చి గోడకెక్కుతుందని ఆమె వీధంతా చెప్పుకుంది.

రెండు రకాలుగానూ తీశాను. ఐఎస్ఓ పెంచి తీసినదాంట్లో మినపగింజంత పడవ, ఆకాశం నిండా రవ్వ. చూడగానే కడుపు మండి పక్కన పడేశాను. అరనిమిషం తీసినదాన్ని పట్టుకుని, అందులో మిగిలిన కాస్త నాయిస్‌నూ సాఫ్ట్‌వేర్‌తో తుడిచాను. ఆకాశం అద్దంలా తేలింది. నా కళ్లన్నీ ఆకాశం మీదే.

కొత్త సంవత్సరపు ఆరాధనకు ముందు రోజు మధ్యాహ్నం, నెల్లూరు నుంచి వచ్చిన ఫ్లెక్సును చర్చి నేల మీద పరిచారు. ఎంత శుభ్రంగా ఉందో అన్నారు పెద్దలు. కొండకంటే బాగుందని పాస్టరు గారే ఒప్పుకున్నారు. నేను పొంగిపోయాను.

అప్పుడే చేపల అక్క వచ్చింది. గంప గుమ్మం బయట దించి, ఫ్లెక్సు పక్కన గొంతుక్కూర్చుని, నీళ్లూ ఆకాశమూ కలిసే గీత మీద ఈ కొసనుంచి ఆ కొసదాకా వేలు నడిపించింది.

"మా పడవ యాడుంది టీచరమ్మా?"

నేనూ వంగి వెతికాను. లేదు. అరనిమిషం పాటు ఊగిన పడవా, దాని చిన్న దీపమూ కలిసి మసక మరకలా పడి ఉంటాయి. ఆ మరకను కూడా నాయిస్ కిందే లెక్కగట్టి సాఫ్ట్‌వేర్ తుడిచేసింది. దానికి పడవేదో నాయిసేదో తెలియదు. చూసుకోవాల్సింది నేను. ఆ కెమెరాను అక్కడే నేలకేసి కొట్టాలనిపించింది. ఇంకొకటి వేయిద్దామంటే తెల్లారితే ఆరాధన, ఫ్లెక్సు షాపులు నాయకుల శుభాకాంక్షల బోర్డులతో ఊపిరాడకుండా ఉన్నాయి. జరిగింది ఆమెకు చెప్పాను. ఇంకో ఫోటోలో పడవ పడిందనీ, కానీ అది చుక్కంతే ఉందనీ, చుట్టూ అంతా రవ్వేననీ నసిగాను.

"చుక్కంత ఉన్నా చాలు గదా టీచరమ్మా. మాది మాకు తెలస్తాది."

తిట్టినా బాగుండేదనిపించింది. ఎవరో నిచ్చెన తెచ్చారు. ఆమె కొంగు నడుముకు దోపి, ఫ్లెక్సు ఒక కొస తనే పట్టుకుని పైకెత్తింది.