నాలుగు సెకన్ల ఫోటో

మొన్న ఆదివారం చర్చి నుంచి వచ్చి, కెమెరా సంచి బోర్లించుకుని కూర్చున్నాను. మా సముద్రపు గాలి ఊరికే పోదు, నెలకోసారి తుడవకపోతే ఏ అద్దానికైనా బూజు పట్టించి వదులుతుంది. సంచి అడుగున పాత గుడ్డలో చుట్టిన ఒక నల్లటి బిళ్ళ దొరికింది. ఎన్.డి. ఫిల్టర్. ఆరేళ్ళ కిందట దాన్ని అలా చుట్టి అడుక్కి తోసింది నేనే. చూడగానే నోరు చేదెక్కింది.

తెలియనివాళ్ళకు చెప్పాలి. అది లెన్సు ముందు బిగించే నల్లద్దం. రంగులేవీ మార్చదు, వెలుతురును మాత్రం తగ్గించి లోపలికి పంపుతుంది. వెలుతురు తగ్గితే కెమెరా కన్ను ఎక్కువసేపు తెరిచి ఉంచాల్సి వస్తుంది. అప్పుడు కదలనిది ఉన్నదున్నట్టు పడుతుంది, కదిలింది పొగలా చెదిరిపోతుంది. మండుటెండలో మనిషి ముఖం తేటగా తీసి వెనకనున్న సరుగుడు తోపును మసక చేయాలన్నా అదే పనికొస్తుంది. నెల్లూరులో నా స్టూడియోకి వచ్చే పెళ్ళి జంటలకు ఈ గోలంతా ఎందుకు? "సార్, అలల్లేకుండా సముద్రం గావాల" అంటారు. అలలొద్దంటే ఏ చెరువుగట్టుకో పోవచ్చు కదా! అయినా వాళ్ళను మైపాడు తీసుకెళ్ళి, స్టాండు ఇసుకలో దిగ్గొట్టి, ఈ బిళ్ళ తగిలించి, అలలన్నీ తుడిచేసి ఇచ్చేవాణ్ణి.

ఆ రోజు పొద్దున కూడా ఆ పనిలోనే ఉండగా అమ్మ ఫోన్ చేసింది. కొడవలూరు దగ్గర మా ఊళ్ళో నాయన పోయాడు. ఉన్నపళంగా అన్నీ సంచిలో కుక్కి బయలుదేరాను. రెండు నెలలుగా మంచం పట్టిన నాయనకు స్నానం చేయించింది, మందులు మింగించింది నేనే. అన్న తడ దగ్గర ఫ్యాక్టరీలో పని చేస్తాడు. వరి చేలు వదిలేసి కంపెనీకి పోయాడని నాయనకు కోపం. ఆ కోపంతోనే ఇద్దరికీ మాటలు ఆగిపోయాయి. నాయన మంచాన పడినా అన్న రాలేదు. పోయాడని తెలిశాక మధ్యాహ్నం మూడింటికి, కంపెనీ చొక్కాతోనే వచ్చి శవపెట్టె పక్కన నిలబడ్డాడు. కంట్లో తడి లేదు. నాకు ఒళ్ళు మండిపోయింది.

మా క్రైస్తవుల్లో పెట్టె మూత వేసేముందు ఇంటివాళ్ళంతా చుట్టూ నిలబడి ఫోటో దిగుతారు. అమ్మ నా చెయ్యి పట్టుకుంది. "అబ్బయ్యా, మనం నలుగురం ఉండే ఫోటో ఇంట్లో ఒక్కటి గూడా లేదు. ఇంక ఇదే గదా. నువ్వు గూడా వచ్చి నిలబడు" అంది. ఊరందరి ఫోటోలూ తీసే కొడుకున్న ఇంట్లో అదీ పరిస్థితి. షామియానా కింద స్టాండు మీద కెమెరా పెట్టి చూస్తే అంతా చీకటిగా కనిపించింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు మసకబారాయనుకున్నానే గాని, పొద్దున బిగించిన బిళ్ళ ఇంకా దానికే ఉందన్న సంగతి తట్టలేదు. టైమరు నొక్కి, పరుగున వెళ్ళి అమ్మకు ఎడమపక్క నిలబడ్డాను. కుడిపక్కన అన్న, అమ్మ భుజం మీద చెయ్యి వేసి ఉన్నాడు. కెమెరా టిక్కుమంది. కాసేపటికి మరోసారి టిక్కుమన్నట్టుంది, నేను పట్టించుకోలేదు. పాస్టరుగారు ప్రార్థన మొదలుపెట్టారు.

మట్టి వేసి వస్తుంటే సమాధుల తోట గేటు దగ్గర అన్న ఎదురుపడ్డాడు. పదిమంది వింటుండగా అనేశాను. "నాయన పోతే ఒక్క చుక్క రాలేదే నీకు. మనిషివేనా అన్నా నువ్వు?" అన్న నా ముఖంలోకి చూశాడు. అటునుంచి అటే బస్సెక్కాడు. ఆ రాత్రి ఫోటో తెరిస్తే, బిళ్ళ ఉండిపోవడంతో కెమెరా కన్ను నాలుగు సెకన్లు తెరిచే ఉండి, అమ్మా అన్నా మసకలే. సిగ్గేసి మూసేసి, "పడలేదమ్మా" అన్నాను. అంతే, అన్నకూ నాకూ మాటల్లేక ఆరేళ్ళయింది. అమ్మ నెల్లూరులో నా దగ్గరే ఉంటోంది. అన్న ఆమెకే ఫోన్ చేస్తాడు, నేను స్టూడియోలో ఉండే వేళ చూసుకుని వచ్చిపోతాడు. ప్రతి క్రిస్మస్‌కీ అమ్మ మాత్రం "ఆ ఫోటో బాగుచేసే దారే లేదా అబ్బయ్యా?" అని అడుగుతూనే ఉంది. నేను లేదంటూనే ఉన్నాను.

బిళ్ళ చేతిలో పెట్టుకుని మళ్ళీ ఆ ఫోటో తెరిచాను. అమ్మ ఎప్పుడొచ్చి వెనక నిలబడిందో చూసుకోలేదు. "పడలేదన్నావే!" అంది. తిడుతుందనుకున్నాను. తిట్టలేదు. ముందుకు వంగి, తన పక్కనున్న మసక మీద వేలు పెట్టింది. "పెద్దోడు. చూడు, మొకమే లేదు బిడ్డకి. నా బుజం మింద చెయ్యి ఎట్టా వణికిందో నాకు తెలుసు. జొరమొచ్చిందేమో అనుకున్యా."

నిజమే. అందరికంటే ఎక్కువ చెదిరిపోయింది అన్నే. తలా భుజాలూ ఒకదాంట్లో ఒకటి కలిసిపోయి, కంపెనీ చొక్కా రంగు మాత్రం మిగిలింది. నాలుగు సెకన్లూ మనిషి నిలువెల్లా వణికిపోయాడు. అమ్మ వేలు పక్కకి జరిపి, నవ్వి, "నువ్వు మాత్రం బాగా పడినావు అబ్బయ్యా" అంది. చొక్కా గుండీలతో సహా పడ్డాను. కెమెరా ముందు ఊపిరి బిగబట్టే అలవాటు మరి. ఆ ఫోటోలో కదలనిది నాయనా నేనూ, ఇద్దరమే.

అమ్మ ఫోన్ నుంచి కాదు, నా ఫోన్ నుంచే అన్నకు చేశాను. రెండో రింగుకే ఎత్తాడు. "అమ్మకేమైందిరా?" అన్నాడు. నా దగ్గర్నుంచి ఫోనొస్తే ఇంకేం అనుకుంటాడు! "ఏం కాలేదన్నా, బాగుండాది" అన్నాను. ఫోన్ చెవికి ఇంకాస్త అదుముకున్నాను. అవతల అన్న ఊపిరి వణకడం వినిపిస్తూనే ఉంది. కెమెరా ఆ రోజు అన్నను నాలుగు సెకన్లు చూసింది. నేను చూసింది ఒక్క రెప్పపాటు, దాన్నే పట్టుకుని ఆరేళ్ళు గడిపేశాను.