రంపంపొట్టు నింపిన తడకలు

పదహారేళ్ళుగా ఒక నిజాన్ని మోస్తున్నాను. అది వినవలసిన మనిషి ఎక్కడో లేదు. మా ఇంట్లోనే ఉంది. ఆమె నా వదిన. ఆమెకు చెప్పలేక మీకు చెబుతున్నాను.

మాది మార్కాపురం. పలకలకు చెక్క చట్రాలు బిగించే వడ్రంగులం. వదిన పాడితే వీధిలోవాళ్ళు చేతిలో పని ఆపి వినేవారు. పదహారేళ్ళ కిందట గ్రామఫోను రికార్డులు తీసే ఇంజనీరు ఒకాయన మద్రాసు నుంచి వచ్చి గిద్దలూరు సత్రంలో దిగాడు. వదిన గొంతు గురించి ఆయనకు చెప్పింది నేనే. ససేమిరా అన్న మా అన్నను వారం రోజులు బతిమాలి ఒప్పించిందీ నేనే.

సత్రానివి రాతి గోడలు. చప్పట్లు కొడితే మోత తిరిగి వచ్చేది. ఆ మోతను పీల్చుకోవడానికి ఎనిమిది తడకలు చేసిపెట్టమన్నాడు ఇంజనీరు. చెక్క చట్రానికి రెండువైపులా గుడ్డ బిగించి, మధ్యలో గొర్రె ఉన్ని దట్టంగా కూరాలి. ఏ ఊరికైనా మోసుకుపోయేలా బందులు వేసి మడతపెట్టే వీలుండాలి. నాకు దొరికిన ఉన్ని మూడింటికే సరిపోయింది. గొర్రెల మందలన్నీ మేతకు నల్లమల వైపు వెళ్ళి ఉన్నాయి. ఇంకొన్నాళ్ళు గడువు అడగవచ్చు. అడగలేదు. పనిమంతుడివని ఆయన అన్న మాట పోగొట్టుకోవడం ఇష్టం లేకపోయింది. కొట్టంలో రంపంపొట్టు కుప్పగా ఉంది. మిగిలిన అయిదింటిలో అదే పోసి కుట్టేశాను. విప్పి చూసేదెవరు అనుకున్నాను. తప్పని తెలియదా? తెలుసు. తెలిసే కుట్టాను.

రైల్లో, ఆ తర్వాత బండిలో కుదుపులకు పొట్టంతా అడుక్కి దిగింది. పైసగం బోలుగా మిగిలింది. వదిన వాటి మధ్య నిలబడి పాడింది. ఇంజనీరు పాట పట్టిన మైనపు పళ్ళెం తిప్పి విన్నాడు. మరోసారి పాడించి మళ్ళీ విన్నాడు. గొంతు పైకి వెళ్ళినప్పుడల్లా డబ్బాలో పలికినట్టు మోగుతోంది. ఆమె గొంతులోనే లోపం ఉందనీ, రికార్డుకు పనికిరాదనీ తేల్చేశాడు. తర్వాత పాడిన మగవాళ్ళ బొంగురు గొంతులకు అంత తేడా తెలియలేదు.

సాయంత్రం తడకలు మడుస్తూ ఒకదాన్ని వేలితో తట్టాను. డొల్ల. ఇంజనీరు పది అడుగుల దూరంలో ఉన్నాడు. చెబితే నన్ను తిట్టేవాడు, కానీ ఆమెను మరో రోజు పాడించేవాడేమో. ఆ తడకను కూడా మడిచి గోడకు చేర్చాను.

తిరుగు రైల్లో అన్న ముఖం పక్కకు తిప్పుకుని కూర్చున్నాడు. వదిన నావైపు వంగి మెల్లగా అడిగింది.

"అబ్బయా, నువ్వూ విన్నావు గదా. నిజంగా నా గొంతు అట్లనే ఉందా?"

"అట్లనే ఉంది వదినా."

"మరి ఇన్నాళ్ళూ ఎవురూ చెప్పలేదేంది?"

"అభిమానం కొద్దీ చెప్పలేదేమో."

"పోన్లే. నువ్వన్నా చెప్పినావు."

ఆ తర్వాత ఆమె పాడగా ఎవరూ వినలేదు. మరునాడే చెప్పాలనుకున్నాను. నిన్న ఎందుకు చెప్పలేదంటే ఏమనాలి? నెల గడిచాక ఆ ప్రశ్న నెలంత పెరిగింది, ఏడాదికి ఏడాదంత. పొదిలి వెళ్ళి విడిగా బతుకుదామనుకుంటే వదినే పోనివ్వలేదు. ఉన్నదున్నట్టు చెప్పే మనిషి ఇంట్లో ఒకడైనా ఉండాలంది. ఆ మాటతో తలుపులన్నీ మూసుకున్నాయి.

మొన్న ఆమె కూతురు పసిబిడ్డను ఒళ్ళో వేసుకుని, "ఒక లాలిపాట పాడరాదామ్మా," అంది.

"నా గొంతు బాగుండదు. మీ చిన్నాయన విన్నాడు, కావాలంటే ఆయన్ను అడుగు."

ఆ పిల్ల నావైపు చూసింది. దేవుడే పిలిచి ఇచ్చిన అవకాశం అది. నేను తల ఊపాను, అవునన్నట్టు.

అందుకే ఇది రాస్తున్నాను. మీ క్షమ కోసం కాదు, అది మీరిచ్చేది కాదు. రేపు ఆమెకు చెబుతానని మాట ఇవ్వలేను. నా సంగతి నాకు తెలుసు. కానీ ఒక్కసారైనా నా చేత్తో రాసుకోవాలి: లోపం ఆమె గొంతులో లేదు. నేను చేసిన తడకల్లో ఉంది.

రాశాను.