రొయ్యల షెడ్డులో కొరియా సీరియల్

తోటపల్లి గూడూరు దగ్గర రొయ్యల షెడ్డులో తొక్క తీసే పనికి చేరిన నెలలోపే నాకు రెండో ఉద్యోగం కూడా దొరికింది. దానికి నన్ను ఎవరూ నియమించలేదు. షెడ్డు లోపలికి ఫోన్లు తేనివ్వరు. చేతులకు గ్లౌజులు, తలకు టోపీ, బల్ల నిండా ఐసు. ఖాళీగా ఉండేది నోరొక్కటే. నాకేమో తెలుగులో వచ్చే కొరియా సీరియళ్ళ పిచ్చి. ముందురోజు చూసింది పొద్దున బల్ల దగ్గర చెప్పడం మొదలుపెట్టాను. చివరికి నేను సెలవు పెడితే ఆడవాళ్ళు నా మీద పోట్లాటకు వచ్చేదాకా వెళ్ళింది వ్యవహారం.

చూసిందే చెప్పాలి, సొంతం కలపకూడదు. అది నా నియమం. ఆ విషయంలో నాకు కొంచెం పొగరే. ఒక చెడ్డ అలవాటు కూడా ఉండేది. కథ పట్టులో పడగానే నా చేతులు ఆగిపోయేవి. సూపర్‌వైజరు దూరం నుంచే కేకలేసేవాడు. ఎదురుగా నిలబడి పనిచేసే అక్క మాత్రం తను ఒలిచిన రొయ్యలు గుప్పెడు తీసి నా ట్రేలోకి తోసేది. సముద్రం ఒడ్డు పల్లె నుంచి వచ్చేది ఆమె. ఆయాసం ఎక్కువ. గుండెకు ఆపరేషను చెయ్యాలని చెన్నైలో డాక్టర్లు చెప్పారు.

ఆ చలికాలం ఒక సీరియల్ మమ్మల్నందరినీ పట్టుకుంది. చిన్నప్పుడే వదిలేసి వెళ్ళిన తల్లిని వెతుక్కుంటూ ఒక అమ్మాయి ఊళ్ళన్నీ తిరుగుతుంది. చివరికి తల్లి ఇంటి తలుపు ముందు నిలబడి, తట్టబోయి ఆగిపోతుంది. ఇంకా రెండు భాగాలున్నాయి. సరిగ్గా అప్పుడే కొరియాలో ప్రెసిడెంటు సైనిక పాలన ప్రకటించాడు. కొన్ని గంటల్లోనే దాన్ని ఎత్తేశారు కానీ గొడవ చల్లారలేదు. అక్కడి టీవీల నిండా వార్తలే. అక్కడ వేస్తేనే ఇక్కడ తెలుగులో వచ్చేది కాబట్టి మా సీరియల్ వాయిదా పడింది.

నేనున్న కొరియా సీరియళ్ళ అభిమానుల వాట్సాప్ గ్రూపు రెండుగా చీలిపోయింది. "ఈ వారం లేదంట" అని సగం మంది ఏడుపు. "అక్కడ దేశం అట్లా ఉంటే మీకు సీరియల్ ఏడుపా" అని మిగతా సగం తిట్లు. నిజం చెప్పాలంటే నేను ఏడ్చినవాళ్ళలోనే ఉన్నాను.

గ్రూపులో వచ్చిన వీడియో ఒకటి మధ్యాహ్నం షెడ్డు బయట అన్నాల దగ్గర మావాళ్ళకు చూపించాను. పెద్ద భవనం, హెలికాప్టరు, తుపాకులతో సైనికులు, వాళ్ళకు ఎదురుగా కోట్లు తొడుక్కున్న జనం.

"ఇది ఎన్నో భాగంమే? మిలిటరీవోళ్ళు కథలోకి ఎప్పుడొచ్చినారు?" అంది ఒకామె.

సీరియల్ కాదు, వార్తలు అంటే ఎవరూ నమ్మలేదు. అవే వీధులు, అవే కోట్లు, అవే ముఖాలు. హీరో ఎక్కడ అని వెతికారు కూడా. అక్క ఒక్కతే ఫోను దగ్గరికి లాక్కుని చాలాసేపు చూసింది.

"మిలిటరీ వస్తే జనం ఇండ్లల్లోకి పోతారు కదా. వీళ్ళేందిమే, బయటికొస్తా ఉండారు?"

వాళ్ళు ఏం తింటారో, పెద్దవాళ్ళకు ఎలా వంగి దణ్ణం పెడతారో చెప్పమంటే గంట చెప్పగలను. ఇది మాత్రం తెలియదు. నాకు సిగ్గేసింది. ఆ సాయంత్రం కూర్చుని దొరికినంతా చదివాను. వాళ్ళ పెద్దవాళ్ళు వయసులో ఉన్నప్పుడు సైన్యం పెత్తనం చూసినవాళ్ళేనట. మళ్ళీ అలా జరగనివ్వకూడదని ఎముకలు కొరికే చలిలో రోడ్డు మీదికి వచ్చారట. మర్నాడు బల్ల దగ్గర అది చెబుతుంటే నా చేతులు ఆగాయి. రొయ్యలు గుప్పెడు నా ట్రేలోకి వచ్చి పడ్డాయి.

ఆ వారమే అక్క చెన్నై ప్రయాణం ఖాయమైంది. షెడ్డుకు వచ్చిన చివరి రోజు మెల్లగా అడిగింది.

"ఆ యమ్మ తలుపు తీసిందా లేదా? తెలుసుకొని పోతా మే. ఆపరేషనంటే మాటలా?"

ఆ భాగం ఇంకా వెయ్యలేదని చెప్పడానికి నోరు రాలేదు. నియమం గట్టున పెట్టి చెప్పేశాను. తల్లి తలుపు తీసిందన్నాను, కూతుర్ని వాటేసుకుని భోరుమందన్నాను, ఇద్దరూ ఒకే కంచంలో తిన్నారన్నాను. ఎక్కడా తడుముకోలేదు. బల్ల చుట్టూ అందరూ కళ్ళు తుడుచుకున్నారు.

అక్క తుడుచుకోలేదు. నా ట్రే వైపు చూసింది. అది నిండి ఉంది.

"నువ్వు చూళ్ళేదుమే. చూసుంటే చేతులు ఆగిపోయుండేవి."

నేను తల దించుకున్నాను.

"పోనీలే. చూసి పెట్టు, వచ్చినాక చెబుదువుగానీ. తెలీకుండా పోతే మళ్ళా రావాలనుంటాది."

తర్వాత రెండు భాగాలూ వచ్చాయి. చూశాను. బల్ల దగ్గర అందరూ బతిమాలారు, కసిరారు, ఒకామె నాతో మాటలు మానేసింది. నేను చెప్పలేదు. అక్క రావాలి అన్నాను. అలా అన్నప్పుడల్లా నాకు లోపల భయమేసేది.

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం అక్క వచ్చింది. చిక్కి సగమైంది. ఇక ఐసులో పని చేయకూడదన్నారట. అన్నాల దగ్గర మా మధ్యన కూర్చుంది. నేను మొదలుపెట్టాను. తలుపు తెరుచుకుంది, తల్లి ఆ పిల్లను ఎగాదిగా చూసింది, "ఎవరు కావాలమ్మా?" అంది.

ముద్ద పట్టుకున్న నా చెయ్యి నోటి దాకా రాకుండానే ఆగిపోయింది. అక్క ఆ చేతిని చూసి నవ్వింది.

"ఆఁ, ఇప్పుడు చెప్పుమే."