ఐదో దోసిలి కోసం ఆడిన ఆట

నాకు మతి తప్పుతోందన్న కబురు మొదట నా చెవిన వేసింది మా ఇంటికి పూలు తెచ్చే యాదమ్మ. దబీర్‌పురాలో మా గల్లీలో ఏ ఇంటి మాటైనా ఆమె బుట్టలో పడకుండా పోదు. ఆ పొద్దున మల్లెలు మూర వేస్తూ, నా ముఖంలోకి చూడకుండా అంది:

"పెద్దమ్మా, నీకు దిమాగ్ ఖరాబైందంట గద. మీ చిన్నమ్మనే అందరికి చెప్తున్నది. దవాఖానకు పోయినవా మరి?"

చిన్నమ్మ అంటే నా తోడికోడలు సులోచన. ముప్పై ఏళ్లకు పైగా ఒకే వంటింట్లో ఉన్నాం.

అంతకు ముందు రోజు మా ఇంట్లో ఆమె కూతురికి ఒడిబియ్యం పోశాం. తెలియని వారి కోసం చెబుతున్నాను. పెళ్లయిన ఆడపిల్లను కొన్నేళ్లకోసారి పుట్టింటికి పిలిచి, పసుపు కలిపిన బియ్యం ఒడిలో పోసి పంపుతాం. మా ఇంటి పద్ధతిలో పెద్దకోడలు మొదట ఐదు దోసిళ్లు పోస్తుంది. తర్వాత ఎండుకొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక బట్ట వరుసగా పెడుతుంది. మూట కట్టే ముందు ఆ బిడ్డ తన ఒడిలోంచి ఐదు పిడికిళ్లు తీసి పుట్టింటికి వదలాలి. వదలకుండా పోతే ఆమెకు పుట్టిల్లు లేనట్టేనని మా నమ్మకం.

ఆ రోజు నేను ఐదు దోసిళ్లు పోసి, కుడుకల కోసం తిరిగి, మళ్లీ మొదటి నుంచి బియ్యం పోయడం మొదలుపెట్టాను. ఎవరో "చాలు, చాలు" అన్నారు. గాభరాలో నేరుగా మూట కట్టేశాను. కారు గల్లీ దాటాక మా మేనత్త అడిగింది, "గింజలు ఏవే?" అని. ఎవరి కొంగులోనూ ఒక్క గింజ లేదు.

"నా బిడ్డకు పుట్టిల్లు లేకుండ చేసినవ్ కదా అక్కా!" అని సులోచన ఏడ్చింది.

ఏడవడం న్యాయమే. తప్పు నాది. అది మొదటి తప్పు కూడా కాదు. కొన్ని నెలలుగా చారులో ఉప్పు రెండుసార్లు వేస్తున్నాను. తాళం వేసి, వేశానా అని వెనక్కి వస్తున్నాను. కానీ ఆమె అంతటితో ఆగలేదు. చుట్టాలందరి ముందు అంది: "వచ్చే యేడు స్వప్నకు ఒడిబియ్యం నేనే పోస్త. అక్కను కుర్చీల కూసోబెడుదాం. గంతే ఆమెతోటి అయ్యేది."

స్వప్న నా ఒక్కగానొక్క కూతురు.

ఆ సాయంత్రం దీపం ముందు కూర్చుని నేను ఆరోగ్యం అడగలేదు. "నా బిడ్డ ఒడి నా చేతులతో నింపాలి స్వామీ. సులోచన పక్కన నిలబడి చూడాలి" అని అడిగాను. ఇలాంటి కోరిక దేవుడిని అడగొచ్చో లేదో నాకు తెలియదు. అడిగాను.

మా ఆయన పత్తర్‌గట్టిలో బట్టల దుకాణానికి సగం పూట షటర్ దించి నన్ను ఆసుపత్రికి తీసుకుపోయారు. దారి పొడుగునా "ఫికర్ చెయ్యకు, ఏం కాదు" అన్నారు. అది నాకు చెబుతున్నారో, తనకే చెప్పుకుంటున్నారో మరి.

కాగితాలు నింపే అమ్మాయి "ఎంత చదివారు?" అంది. "బడికి పోలేదమ్మా, ఇంట్లోనే" అన్నాను. ఆమె ఒక గడిలో టిక్కు పెట్టింది. కాగితం ఆమె వైపు తిరిగి ఉంది. చిన్నప్పుడు మా అన్నకు ఇంట్లో పంతులు చదువు చెబుతుంటే నేను ఎదురుగా కూర్చుని అక్షరాలు తలకిందులుగా నేర్చుకున్నదాన్ని. "నిరక్షరాస్యురాలు అని పెట్టినవేంది బిడ్డా?" అన్నాను. ఆ అమ్మాయి ముఖం కందగడ్డ అయింది. సులోచన మీది కోపంలో కొంత ఆ పిల్ల మీద కూడా తీరింది.

గడియారం బొమ్మ వేయమన్నారు. ఒకటి నుంచి అ కి, అ నుంచి రెండుకు, రెండు నుంచి ఆ కి గీత కలపమన్నారు. మూడు దగ్గర చెయ్యి ఆగిపోయింది. తర్వాత రక్తపరీక్షలు, ఎమ్మారై.

డాక్టర్ గారు నెమ్మదైన మనిషి. "ఇది పిచ్చి కాదమ్మా. ఇప్పటికైతే డిమెన్షియా కూడా కాదు. మైల్డ్ కాగ్నిటివ్ ఇంపెయిర్‌మెంట్ అంటం. షుగర్, బీపీ వల్ల మెదడుల సన్న నరాలు కొంచెం దెబ్బతిన్నయి. మీకు మతిమరుపు కన్నా ఎగ్జిక్యూటివ్ ఫంక్షన్ ఎక్కువ తగ్గింది."

"అంటే ఏంది సార్?"

"ఇల్లు కట్టేటప్పుడు మేస్త్రీ ఉంటడు కదా. ఏది ముందు, ఏది తర్వాత, ఎక్కడ ఆపాలె, అడ్డమొస్తే ఎట్ల మార్చుకోవాలె అని చూస్తడు. మీ మెదడుల ఆ మేస్త్రీ అలసిపోయిండు."

బీపీ మందు మార్చారు, బి12 తక్కువుందని ఇంజెక్షన్లు రాశారు, రోజూ నడవమన్నారు. వారానికి రెండు రోజులు మెమరీ క్లినిక్‌లో ఆటలకు రమ్మన్నారు. "ఆటలు మందు కాదు. అందరికీ ఒకే తీరుగ పనిచేస్తయని నేను చెప్పను. చూద్దాం" అన్నారు. ఆ "చూద్దాం" అన్న మాటకు నేను ఇప్పటికీ దండం పెడతాను.

ఆటలు నేర్పేది శ్రావణి అనే ఆక్యుపేషనల్ థెరపిస్ట్. రోజూ జల్‌పల్లి నుంచి బస్సులో వచ్చే చిన్నది. టాబ్లెట్ చేతిలో పెట్టింది. ఒక ఆటలో బజారు ఉంటుంది. నాలుగు వస్తువులు తక్కువ నడకతో కొనాలి. సగంలో ఒక దుకాణం మూసేస్తారు, అప్పుడు దారి మార్చుకోవాలి. ఇంకో ఆటలో పచ్చ పువ్వు వస్తే ముట్టాలి, ఎర్ర పువ్వు వస్తే ఊరుకోవాలి. కాసేపటికి నియమం తిరగబడుతుంది.

నాకు ప్రతి ఎర్ర పువ్వులోనూ సులోచన కనిపించింది. ముట్టొద్దన్నదాన్ని పగబట్టినట్టు పొడిచాను.

శ్రావణి నవ్వు ఆపుకుంటూ అంది, "అమ్మా, మీరు పువ్వును ముడుతలేరు, ఎవరినో కొడుతున్నరు. టాబ్లెట్ పగుల్తది."

పక్క కుర్చీలో జాహెదా ఆపా ఉండేది. ఒకప్పుడు ఇంట్లో మిషను పెట్టుకుని పెళ్లి బట్టలు కుట్టిన మనిషి. కొలతలు మర్చిపోవడంతో మొదలైందట ఆమెకు. నా చెయ్యి పట్టి ఆపింది. "ఠైరో బహెన్. జర ఆగు. ముందుగాల ఊపిరి తీస్కో, తర్వాత నొక్కు." అప్పటి నుంచి ప్రతి పువ్వుకూ లోపల "ఠైరో" అనుకునేదాన్ని. తప్పులు తగ్గాయి.

ఇంట్లో సులోచన మాత్రం ఊరుకోలేదు. "అక్క బడికి పోతున్నదమ్మా, ఆటలాడను. టిఫిన్ డబ్బ కట్టియ్యాల్నా అక్కా?" అని ఇంటికి వచ్చిన వాళ్ల ముందల్లా అనేది. నేను మనసులో ఒక్కొక్క మాటా దాచుకున్నాను. మతిమరుపు ఆ మాటల జోలికి రాలేదు.

మూడు నెలలకు స్కోరు బాగా పెరిగింది. నాకు గర్వం వచ్చింది. ఒక రోజు ఎవరినీ అడగకుండా పులిహోర తాలింపు పెట్టి, మధ్యలో దేవుడి గదిలో గంట మోగితే హారతికి పోయాను. తిరిగి వచ్చేసరికి బాణలి నల్లగా మాడి, వంటిల్లంతా పొగ. సులోచన గ్యాస్ ఆపి, రెగ్యులేటర్ ఊడదీసి తన అల్మారాలో పెట్టి తాళం వేసింది. ఆ రోజు నుంచి వంట చేసేటప్పుడు దాన్ని కొంగు చాటున తెచ్చేది, మళ్లీ తీసుకుపోయేది. నా ముందు నుంచే.

మరుసటి వారం టాబ్లెట్ శ్రావణి బల్ల మీద పడేశాను. "నీ ఆటలు నీ దగ్గరే పెట్టుకో. బజార్ల దారి తెలిసింది గానీ నా పొయ్యి నాకు తెలుస్తలేదు."

ఆ చిన్నది నొచ్చుకోలేదు. "ఆటల మెరుగైతే ఒక్కోసారి ఆటలనే మెరుగైతమమ్మా. అది ఇంట్లకు దానంతటది నడిచి రాదు. మీకు ఏ పని తిరిగి కావాలె? ఒక్కటి చెప్పండి."

"ఒడిబియ్యం" అన్నాను.

"అయితే దాన్నే ఆట చేద్దాం."

మా దుకాణం నుంచి చీరల అట్టలు తెచ్చి ముక్కలు కోశాను. ఒక్కో అట్ట మీద ఒక్కో పని నా చేతిరాతతోనే రాశాను. బొట్టు, పసుపు, మొదటి దోసిలి, రెండోది, ఇలా చివరి పిడికిళ్ల దాకా. అన్నీ కలిపేసి వరుస పెట్టాలి. తర్వాత నిజంగా బియ్యంతో చేయాలి. సగంలో ఎవరైనా అడ్డు రావాలి, అది శ్రావణి పెట్టిన నియమం.

అడ్డం వచ్చే పని జాహెదా ఆపా తీసుకుంది. "మీ దేవరాని, గదే మీ తోడికోడలు, ఎట్ల మాట్లాడుతదో చెప్పు" అంది. చెప్పాను. అంతే, ఓణీ నడుముకు దోపుకుని మొదలుపెట్టింది. "అక్కా, పాలు పొంగినయ్! అక్కా, మూడా నాలుగా? అక్కా, నీ దిమాగ్ ఏ దుకాణంల మర్చిపోయినవ్?" సులోచన కన్నా బాగా చేసేది. కోపం ముంచుకొచ్చి లెక్క తప్పేది. మళ్లీ మొదటి అట్ట. ఎన్నిసార్లు తప్పానో ఆపా ఎప్పుడూ చెప్పలేదు. ఒక్కసారి కూడా నవ్వలేదు. తప్పు పడ్డప్పుడల్లా బియ్యం తిరిగి గిన్నెలోకి ఎత్తేది, అంతే.

ఏడాది తిరిగి స్వప్న ఒడిబియ్యం రోజు వచ్చింది. సులోచన పీటలు వేయిస్తూ నాకోసం కుర్చీ కూడా తెప్పించింది. స్వప్న పీట మీద కూర్చోకుండా నిలబడింది. "మా అమ్మ పోస్తేనే ఒడి పడత పిన్నీ. లేకుంటే గిట్లనే పోత." మేనత్త ఆ కుర్చీ పక్కకు జరిపి పసుపు బియ్యం నా ముందు పెట్టింది.

నేను బొట్టు పెట్టాను. ఒకటి. రెండు. మూడు. నాలుగో దోసిలి ఒడిలో పడుతుండగా సులోచన నా చెవి దగ్గరికి వచ్చింది. "అక్కా, గిది మూడోదా, నాలుగోదా?"

చేతులు బియ్యం గిన్నె మీదే ఆపాను. "ఠైరో!" అన్నాను, పైకే. ఆడవాళ్లంతా గొల్లున నవ్వారు. ఒక ఊపిరి తీసుకున్నాను. ఐదో దోసిలి నింపాను. కుడుకలు, ఖర్జూరాలు, పోకలు, రవిక బట్ట. ఒక్కటీ వెనకా ముందూ కాలేదు.

చివర స్వప్న పిడికిళ్లు వదలాలి. ఆ గింజలు ఎవరైనా కొంగు పట్టి, వంగి అందుకోవాలి. మేనత్త ఉంది, ఆడపడుచులు ఉన్నారు. కావాలనే సులోచనను పిలిచాను. "రా చెల్లె, పట్టు. ఐదూ మంచిగ లెక్కపెట్టు." ఆమె వంగింది. కొంగు పట్టింది. మూడు దగ్గర తడబడింది. "మూడా అమ్మా, నాలుగా?" అని స్వప్ననే అడిగింది. నేను నవ్వలేదు. నవ్వాల్సిన వాళ్లు నవ్వారు.

ఆమె లేచి నిలబడ్డాక అందరి ముందే చెయ్యి చాపాను. "గ్యాస్ రెగ్యులేటర్ ఇయ్యి సులోచనా. అన్నాలకు టైమైంది." పోయి తెచ్చి ఇచ్చింది.

నేను ఆమెను క్షమించలేదు. క్షమించానని రాస్తే దేవుడి ముందు అబద్ధమవుతుంది. రోజూ దీపం పెట్టినప్పుడు ఆమెకు నిండు నూరేళ్లు ఇమ్మని మొక్కుతాను. ఆ నూరేళ్లూ ఆమె నా చేతి వంటే తినాలి.

నా జబ్బు పోలేదు. మొన్న చూపించుకున్నప్పుడు డాక్టర్ గారు, "పెరుగుతలేదు, నిలిచింది. ఇప్పటికి ఇదే మంచి వార్త" అన్నారు. పొయ్యి పక్కన గంట కొట్టే టైమర్ పెట్టుకున్నాను. అది మోగేదాకా వంటిల్లు దాటను. మందులు మానలేదు. పువ్వుల ఆట ఇప్పటికీ ఆడతాను. ఎర్ర పువ్వులో ఇప్పటికీ ఆమే ఉంటుంది, కాకపోతే ముట్టను.

మీ ఇంట్లో ఎవరికైనా ఇలా మొదలైతే ముందు డాక్టరుకు చూపించండి. తర్వాత వాళ్లు పోగొట్టుకున్న పనుల్లో ఒక్కటి, వాళ్లకు ప్రాణమైనది, వాళ్లనే ఎంచుకోనివ్వండి. దాన్ని మెట్లుగా అట్టల మీద వాళ్ల చేతే రాయించి, రోజూ ఆడించండి. ఎదురు కూర్చునే మనిషి మాత్రం నవ్వని మనిషై ఉండాలి.

జాహెదా ఆపా ఇప్పుడు క్లినిక్‌కు రావడం లేదు. ఆమె జబ్బు నిలవలేదు. స్వప్న వేడుకైన నెలకు మిఠాయి పట్టుకుని ఆమె ఇంటికి వెళ్లాను. నన్ను బట్టలు కుట్టించుకోవడానికి వచ్చిన మనిషి అనుకుంది. భుజం కొలవబోయి, ఎక్కడి నుంచి మొదలుపెట్టాలో తెలియక చేతులు గాలిలోనే ఉంచింది. నేను ఆ చేతులు పట్టుకుని కూర్చున్నాను. నా గెలుపు సంగతి చెబితే ఎవరిదో అన్నట్టు విని సంతోషించింది.

మీరు ఏ దేవుడి ముందు కూర్చున్నా సరే, ఈ రోజు ఒక్కసారి జాహెదా ఆపాను తలచుకోండి.