వెనక వాటా తలుపుకి అంటించిన కాయితం

తొమ్మిదేళ్లుగా ఒక కాయితం మోస్తున్నాను. ఒకే ఒక్క కాయితం. మడిస్తే చొక్కా జేబులో పడుతుంది. దాని బరువెంతని చెప్పను? వడ్ల బస్తా అంత అంటే మా వాళ్లు నవ్వుతారు. నేనేం చెప్పినా సగం కోసేసి వినడం తెనాలిలో నన్నెరిగిన ప్రతివాడికీ అలవాటు. మీరు నన్నెరగరు. అందుకే మీకు చెబుతున్నాను. పేరు మాత్రం అడగకండి.

ముందు నా గొప్ప కాస్త చెప్పుకోనివ్వండి. అది వినకపోతే నా తప్పు ఎంతో మీకు తెలియదు. ఇటు రేపల్లె, అటు బాపట్ల, మధ్యలో వేమూరు, ఎక్కడ ఏ ఇంటాయన అద్దెకున్నవాళ్లతో తంటాలు పడినా నా వరండాకే వస్తాడు. మూడు వందల మందిని చట్టప్రకారం ఖాళీ చేయించినవాణ్ణి మరి. సరే, మూడు వందలు కాదు, ముప్పై. ఆ ముప్పై కూడా నేను సలహా చెప్పినవి. నా చేతులతో కోర్టుకెక్కి ఖాళీ చేయించింది ఒక్కరినే. నాకొచ్చిన పేరంతా ఆ ఒక్క కేసుతో వచ్చిందే.

సలహా మాత్రం మంచిదే చెబుతాను. కరెంటు పీకకు, నీళ్లు కట్టెయ్యకు, వాళ్లు లేనప్పుడు తాళం వెయ్యకు, నువ్వే జైలు మెట్లెక్కుతావ్ అని ముందే భయపెడతాను. అద్దె ఎగ్గొడితే ఒక దారి. ఇల్లు సొంతానికి నిజంగా కావాలంటే ఇంకో దారి. ఇరుగుపొరుగుని పీడిస్తే మరో దారి. ఏ దారిన పోయినా అవతలి మనిషికి కాయితం అందాలి, కోర్టులో తన మాట తను చెప్పుకోవాలి. ఈ చివరి మాట చెప్పేటప్పుడు మాత్రం నా గొంతు కొంచెం తగ్గుతుంది. ఎవరూ కనిపెట్టలేదు.

మొన్న వేసవిలో రేపల్లె నుంచి మా ఆవిడ అన్న కొడుకు వచ్చాడు. వాళ్ల ముందు గదిలో పన్నెండేళ్లుగా ఒక దర్జీ, పెళ్లాంతో, మిషన్‌తో ఉంటున్నాడు. ఆయన్ని పంపెయ్యాలి. నా కేసులో వాడిన కిటుకేదో తనకీ చెప్పమని కూర్చున్నాడు. చెబితే ఆ దర్జీ వీధిన పడతాడు. చెప్పకపోతే నా గొప్ప వీధిన పడుతుంది. ఏది ఎక్కువ? ఇది అడగాల్సిన ప్రశ్నేనా? కానీ నన్ను నేను అడుగుకున్నాను, ఒకటి కాదు, మూడు రోజులు.

ఆ కేసు గురించి ఊళ్లో నేను చెప్పుకునేది ఇదీ. నా వాదన విని జడ్జిగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. అవతలి లాయరు ఫైలు మూసేసి నాకు దణ్ణం పెట్టాడు. అసలు నిజం ఏంటంటే, అవతలి లాయరు లేడు. అవతలి మనిషే లేదు. మా లాయరు రెండు నిమిషాలు మాట్లాడాడు, తీర్పు వచ్చింది. నేను నోరే విప్పలేదు.

అవతలి మనిషి పేరు నాంచారమ్మ అనుకోండి. సూర్యలంకలో చేపలుపట్టే పల్లెవాళ్ల మనిషి. భర్త పడవ మీద వెళ్లేవాడు. ఆవిడ ఇద్దరు ఆడపిల్లల చదువు కోసం తెనాలి వచ్చి, మా వెనక వాటాలో దిగి, వీధి వీధీ చేపలమ్మేది. ఆవిడ ఇంటినిండా చుట్టాల్ని పోగేసిందని, కత్తి చూపించి బెదిరించిందని అందరికీ చెప్పాను. కత్తి ఉన్న మాట నిజం. చేపలు కోసే కత్తిపీట అది. చుట్టాలెవరూ రాలేదు. అద్దె ఒకటో తారీఖు దాటనిచ్చేది కాదు.

మరి ఎందుకు పంపాను? దూడ వల్ల.

ఒక సాయంత్రం వరండాలో నలుగురికి నా కథ చెబుతున్నాను. నా పడుచు వయసులో తుఫానొచ్చి నిజాంపట్నం దగ్గర ఊళ్లు మునిగితే, ఒక దూడని భుజాన వేసుకుని రెండు మైళ్లు ఈదానన్న కథ. నాంచారమ్మ ఖాళీ బుట్టతో లోపలికి వస్తూ ఆగింది. "బాబాయ్, ఆ రోజు మా నాన్న అక్కడే ఉన్నాడు. నీళ్లు మోకాలి దాకానే వచ్చాయంట. ఆ దూడే మిమ్మల్ని మోసుకొచ్చిందేమో చూడండి!" అంది. వరండా దద్దరిల్లింది. ఆ మర్నాటి నుంచి టిఫిన్ హోటల్లో, పాలకేంద్రం దగ్గర, బస్టాండులో, ఎదురైన ప్రతివాడూ "దూడ బాగుందాండీ?" అని అడిగేవాడే. ఏడాది పాటు. ఇది కోత కాదు. ఏడాది.

నవ్వి ఊరుకుంటే పోయేది. నేను లాయరు దగ్గరికి వెళ్లాను.

అద్దె దారి మూసుకుపోయింది, ఆవిడ బాకీ లేదు కనక. ఇరుగుపొరుగు సాక్ష్యం చెప్పనన్నారు. వాళ్లందరికీ ఆవిడ చేపలే కావాలి మరి. మిగిలింది సొంత అవసరం. వేమూరులో మా అక్కకి మోకాళ్ల నొప్పులు, వైద్యానికి తెనాలి వచ్చి ఆ వాటాలోనే ఉంటుందని రాయించాను. మోకాళ్ల నొప్పుల మాట నిజమే. వస్తానని అక్క ఎన్నడూ అనలేదు. నేను ఆమెని అడగనూ లేదు.

కోర్టు బంట్రోతు సమన్లు తెచ్చిన రోజు నాంచారమ్మ లేదు. చెల్లెలి పురుడని పిల్లలతో సూర్యలంక వెళ్లింది. సోమవారం వస్తానని మా ఆవిడతో చెప్పి మరీ వెళ్లింది. "ఎప్పుడొస్తారండీ?" అని బంట్రోతు అడిగితే, "ఏమోనండీ, వీళ్ల రాకపోకలు ఎవరికి తెలుసు?" అన్నాను. అతను చుట్టుపక్కల చూసి, తలుపుకి కాయితం అంటించి వెళ్లాడు.

ఆదివారం మధ్యాహ్నం మా ఆవిడ బజారుకి వెళ్లింది. చెంబుతో నీళ్లు తీసుకెళ్లి తలుపు తడిపాను. మైదా జిగురు గట్టిగా పట్టింది. గోటితో లాగాను. కాయితంతో పాటు ఆకుపచ్చ రంగు పెచ్చులుగా ఊడొచ్చింది. ముక్కలన్నీ కాలవలో వేశాను. ఇంటికొచ్చి చేతులు కడుక్కున్నాను. అప్పుడు నాకు భయం వేసిందా? లేదు. పశ్చాత్తాపమా? అదీ లేదు. ఈల వేసుకుంటూ నడిచాను. నా గురించి నేను నమ్మలేనిది కాయితం చింపడం కూడా కాదు, ఆ ఈల.

తీర్పు అమలు చెయ్యడానికి కోర్టువాళ్లు వచ్చిన రోజు నాంచారమ్మ కత్తిపీట ముందు కూర్చుని ఉంది. తడి చేతులతోనే లేచింది.

"ఏంటి బాబాయ్ ఇది? కేసెప్పుడేశారు? నాకు కాయితమే రాలేదే!"

"వచ్చిందమ్మా. తలుపుకి అంటించి వెళ్లారు. నువ్వే చూసుకోలేదు."

"తలుపుకా?"

వెనక్కి తిరిగి రంగు ఊడిన చోట వేళ్లతో తడిమింది. చాలాసేపు తడిమింది.

"ఇదెలా ఊడిందా అనుకుంటున్నా ఇన్నాళ్లూ. మీరు తలుపు గీతపడితే ఊరుకోరు కదాని, చిన్నదే గీకిందనుకుని దాన్ని రెండు తగిలించాను."

నా దగ్గర అబద్ధాలకి ఎప్పుడూ కరువు లేదు. ఆ పూట ఒక్కటీ రాలేదు. వచ్చిన కోర్టాయన మంచివాడు. "కాయితం అందలేదని పిటిషన్ పెట్టుకోవచ్చమ్మా, తీర్పు రద్దు చెయ్యమని అడగొచ్చు" అన్నాడు.

"రేపు పెద్దదానికి ఇంటర్ పరీక్షండీ. నన్ను కోర్టుకెళ్లమంటారా, పిల్లని పరీక్షకి పంపమంటారా?" అంది. తర్వాత నాతో అంది: "మీ ఇల్లు మీదే బాబాయ్. పరీక్షలయ్యాక వెళ్లమంటే మాటాడకుండా పోయేదాన్ని."

సాయంత్రానికి వాటా ఖాళీ అయింది. ఆ పిల్ల మిగతా పరీక్షలకి సూర్యలంక నుంచి బాపట్ల, బాపట్ల నుంచి రైల్లో తెనాలి వచ్చి రాసిందని తర్వాత విన్నాను. ఒక రోజు రైలు ఆలస్యమై ఒక పరీక్ష పోయిందట. ఆవిడ వాడుకగా తిరిగే ఇళ్లలో ఇంకొకామె చేపలమ్మడం మొదలుపెట్టింది. టిఫిన్ హోటల్లో దూడ మాట ఆగింది. "కోర్టులో గెలిచారటగా!" అన్నారు. నేను ఇడ్లీ తింటూ జడ్జిగారి కళ్లజోడు కథ మొదలుపెట్టాను.

ఇదంతా మేనల్లుడికి చెప్పాను. బతుకులో మొదటిసారి ఒక్క ముక్క కలపకుండా చెప్పాను. వాడు కళ్లింతలు చేసుకుని విన్నాడు. విని, తొడ చరిచాడు.

"అబ్బ, మావయ్యా! ఇదా కిటుకు! దర్జీ ఎలాగూ దసరాకి అత్తారింటికి పోతాడు!"

నా ఒప్పుకోలు వాడికి పాఠమైపోయింది. తలవంచుకుని చెప్పినా, తలెత్తుకుని చెప్పినా నా నోట్లోంచి వచ్చేసరికి అది గొప్పే అవుతుందా? ఎంత తిట్టినా, "మీరు చేసినప్పుడు లేని తప్పు నేను చేస్తే వచ్చిందా?" అన్నాడు. మర్నాడు పొద్దున్నే రేపల్లె రైలెక్కాను.

దర్జీ కొలతలు తీసుకోవడానికి టేపు తీశాడు. "చొక్కా కాదు బాబూ, నీ ఇల్లు" అని కూర్చోబెట్టి, చేసింది, జరగబోయేది అంతా చెప్పాను. కోర్టులో ఉచితంగా లాయర్ని ఇస్తారు, వెళ్లి నీ పేరు మీద కేసుందేమో కనుక్కో, ఊరెళ్తే పక్కింటివాళ్లకి చెప్పి వెళ్లు అన్నాను. నేనెవరినని అడిగాడు. "మీ ఇంటాయన మావయ్యని" అన్నాను. ఆయన నాకు మంచినీళ్లివ్వడానికి కూడా కాసేపు ఆలోచించాడు.

మేనల్లుడు కేసు వేశాడు. దసరా తర్వాత వాయిదాకి నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. బంట్రోతు పేరు పిలిచాడు. ఒక్కసారే పిలిచాడు. రెండోసారి పిలిచే అవసరం రాలేదు. ఇస్త్రీ చొక్కాలో దర్జీ లేచి "ఉన్నానండీ!" అన్నాడు, హాలంతా వినపడేలా. మేనల్లుడు నావైపు చూసిన చూపుకి పచ్చగడ్డి భగ్గుమనేది. నేను మాత్రం నలభై ఏళ్ల వయసు తగ్గినవాడిలా మెట్లు దిగాను. పోనీ, పదేళ్లు. కేసు ఇంకా నడుస్తోంది. ఇల్లు సొంతానికి నిజంగా కావాలని రుజువు చేసుకుంటే మేనల్లుడే గెలవచ్చు. గెలవనీ. మా ఆవిడ పుట్టింటివాళ్లు మాత్రం నాతో మాట్లాడటం మానేశారు.

అప్పుడు నాంచారమ్మకి ఉత్తరం రాశాను. సమన్లు చింపింది నేనే, అక్క సంగతి అబద్ధం, తలుపు నీ చిన్నమ్మాయి గీకలేదు, ఈ కాయితం ఎక్కడ చూపించుకున్నా నాకు అభ్యంతరం లేదు అని రాసి, సంతకం చేసి, అందినట్టు రసీదు కార్డు తిరిగొచ్చేలా పోస్టు చేశాను. క్షమించమని రాయలేదు. రాయబోయి రెండుసార్లు కొట్టేశాను. తొమ్మిదేళ్ల తర్వాత ఆవిడకి ఇంకో పని పురమాయించడానికి నేనెవణ్ణి?

పదకొండో రోజున పోస్టుమాన్ కార్డు తెచ్చాడు. కింద ఆవిడ సంతకం ఉంది. అక్షరాలు పెద్దవి, గట్టిగా నొక్కి రాసినవి. ఇంకేమీ రాయలేదు. ఇప్పటిదాకా ఉత్తరం రాలేదు, ఫోను రాలేదు. వస్తుందని చూడటం లేదు. అలా అంటే మళ్లీ కోతే అవుతుంది, చూస్తున్నాను. కానీ ఆ పూట కార్డు చేత్తో పట్టుకుని వరండాలో అటూ ఇటూ నడిచాను, మా ఆవిడని రెండుసార్లు పిలిచి చూపించాను, రెండు పూటల అన్నం ఒక్క పూటే తిన్నాను. నమ్మకపోతే ఆవిణ్ణడగండి. కాయితం అందిందండీ, అందింది.